తిప్ప బడి బయటి లైటు

మా ఆయన ఎండాకాలంలో చనిపోయాడు. పొద్దున కాఫీ తాగి, స్నానానికి నీళ్లు తోడుకుంటూ బాత్‌రూము ముందర పడిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు బయటికి వచ్చి, ప్రాణం ఇంటి దగ్గరే పోయిందన్నాడు. నేను సరే అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. డాక్టరు కూడా ఒక క్షణం నా మొహంలోకి చూసి లోపలికి వెళ్లిపోయాడు.

మాది వేంపల్లె దగ్గర ఒక పల్లె. మా నాయన కౌలు చేనులో వేరుశెనగ బుడ్డలు పండించేవాడు, పంట లేనప్పుడు కూలికి పోయేవాడు. తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. నేను కడపలో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, పెళ్లయ్యాక నందికొట్కూరు వచ్చాను. బస్టాండు వెనక వీధిలో మాకు సోలారు సామాన్ల అంగడి ఉంది. పొలాల పంపులకు ప్యానెళ్లు, వీధిలైట్లు, వేడినీళ్ల ట్యాంకులు బిగిస్తాం. ఆయన బయట పనులు చూసేవాడు. నేను అంగట్లో కూచుని, ఎవరికి ఏ సామాను సరిపోతుందో చూసి చెప్పేదాన్ని.

ఆయన పోయాక ఇంట్లో ప్రార్థనలు పెట్టారు. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏడ్చేయ్ మా, మనసు తేలికైతాది" అంది. వచ్చిన ఆడవాళ్లంతా నేను ఎప్పుడు ఏడుస్తానా అని చూశారు. నాకు ఏడుపు రాలేదు. బాధగా ఉందని కూడా చెప్పలేను. పన్ను పీకే ముందు సూది వేస్తారు కదా, ఆ తర్వాత దవడను వేలితో ముట్టుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. ముట్టుకుంటున్నామని వేలికి తెలుస్తుంది, దవడకు తెలియదు. మా అమ్మ వంటింట్లో మా అత్తతో, "ఇట్ల కూచుంటే దీనికేమన్నా అయితాదేమో వదినా" అనడం విన్నాను. నా గురించేనని తెలిసింది. లేచి వెళ్లి బట్టలు మడతపెట్టాను.

మా ఆయనతో కలిసి పనిచేసే ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. యాభై దాటిన మనిషి, కర్నూలు పాతబస్తీలో పుట్టి పెరిగాడు. ఆయన్ను మేమంతా భాయి అంటాం. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం భాయి ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, గడప దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ నీళ్లల్ల బడి పని ఉండాది గదా. మీ ఆయన ఒప్పుకున్న పని. ట్రస్టోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండారు. వేరేవాళ్లకు ఇచ్చేయమందునా?"

"వద్దు భాయి. మనమే చేద్దాం."

"నేనొక్కన్నే చేయలేనమ్మా. నువ్వు రావల్ల."

"వస్తా."

బాగా ఆలోచించి చెప్పిన మాట కాదు. రానంటే కారణం చెప్పాలి. కారణం వెతికే ఓపిక నాకు లేదు.

శ్రీశైలం డ్యాము కట్టినప్పుడు మా వైపు చాలా ఊళ్లు మునిగాయి. ఈ బడి ఉన్న ఊరు కూడా మునిగింది గానీ, ఊరి వెనక తిప్ప మునగలేదు. పోవడానికి వేరే చోటు లేనివాళ్లు కొందరు తిప్ప మీద గుడిసెలు వేసుకుని ఉండిపోయారు. తర్వాత సముద్రం వైపు నుంచి చేపలు పట్టేవాళ్లు వచ్చి చేరారు. ఎండాకాలంలో బురదలో నడిచి అక్కడికి పోవచ్చు. కృష్ణ నిండిందంటే మాత్రం తిప్పకు నాలుగు వైపులా నీళ్లే, పుట్టి ఎక్కాల్సిందే. పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి తెప్ప. ఆ నీళ్ల మీదుగా కరెంటు స్తంభాలు వేయడం ఎవరివల్లా కాలేదు. బడికి రెండు గదులు, ఒక అరుగు ఉండేవి, సారు ఒక్కడే. పట్టణంలో ఉండే ఒక ట్రస్టు ఆ బడికి సోలారు, టీవీ, ఫ్యాన్లు ఇస్తామని ముందుకొచ్చింది.

మమ్మల్నీ సామాన్లనూ దాటించింది ఒక చేపలాయన. నల్లగా, పొట్టిగా, మెడలో తువ్వాలు వేసుకుని ఉండేవాడు. మాటకు ముందు నవ్వేవాడు. బ్యాటరీలు ఒక్కొక్కటీ ఇద్దరు మోస్తే గానీ లేవవు. ఒకదాన్ని పుట్టిలోకి దించి, నడుం పట్టుకుని అన్నాడు:

"ఇయ్యేటమ్మా ఇంత బరువున్నాయి? కరెంటు ముందే నింపీసి తెచ్చినారేటి?"

భాయి నవ్వాడు. నేను, "కాదన్నా, యాసిడ్ ఉండాది. వంచకుండా పట్టుకో" అన్నాను. ఆయన ఆ తర్వాత నీళ్ల మీద ఉన్నంతసేపూ ఒక చేత్తో తెడ్డు వేస్తూ, రెండో చెయ్యి బ్యాటరీ మీదే ఉంచాడు.

పని చాలా రోజులు సాగింది. మిద్దె మీద ఇనుప చట్రం బిగించి, ప్యానెళ్లను దక్షిణం వైపు వాల్చి కూర్చోబెట్టాం. మధ్యాహ్నం పూట ఆ చేపలాయన ఇంటి నుంచే మాకు అన్నం వచ్చేది. ఆయన పెళ్లాం పెద్ద గిన్నెలో చేపల పులుసు తెచ్చి అరుగు మీద పెట్టేది. "తినండమ్మా, మిగిలింది తీసుకెల్తే మావోడు నన్ను తిడతాడు" అనేది. వాళ్లకు ఒక్కతే కూతురు, అదే బడిలో మూడో తరగతి చదువుతోంది. పాఠం మధ్యలో లేచి వచ్చి మా డ్రిల్లింగు మిషన్ వైపు చూసి, సారు పిలిస్తే మళ్లీ లోపలికి పోయేది.

సారుది పత్తికొండ. రిటైరుమెంటుకు దగ్గర పడినాయన. వారం రోజులూ బడిలోనే పడుకుని, ఆదివారం మాత్రం ఇంటికి పోయేవాడు. పని అయిపోయే రోజు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, బయట కూడా ఒక లైటు పెడితే బాగుంటాది. వానలకు పాములు శానా తిరుగుతాండాయి" అన్నాడు. ట్రస్టు ఇచ్చిన సామాన్లలో ఒక పెద్ద లైటు మిగిలి ఉంది. మిద్దె అంచుకు పైపు బిగించి, పుట్లు ఆగే ఒడ్డు వైపు తిప్పి దాన్ని పెట్టాం.

స్విచ్ వేసినప్పుడు పిల్లలు కేకలు పెట్టారు. ఫ్యాను గాలికి గోడ మీది చార్టులు లేచి కొట్టుకున్నాయి. టీవీలో ఏదో బొమ్మ రాగానే తిప్ప మీది జనం కిటికీల దగ్గర మూగారు. సారు కళ్లు తుడుచుకున్నాడు. చేపలాయన కూతుర్ని భుజాల మీదికి ఎక్కించుకుని చూపించాడు. నేను మీటరు చూశాను. ఓల్టేజీ సరిగ్గానే ఉంది. అక్కడ సంతోషం ఉందని నాకు అర్థమవుతూనే ఉంది. పక్కింట్లో పెళ్లి మేళం విన్నట్టు విన్నాను. తర్వాత పనిముట్లు సంచిలో సర్దుకున్నాను.

ఆ తర్వాత తుపాను వానలు పట్టుకున్నాయి. రోజుల తరబడి ఎండ కనిపించలేదు. అప్పుడే ట్రస్టు నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. బ్యాటరీలో ఎంత కరెంటు ఉందో వాళ్లకు అక్కడ కంప్యూటర్లో కనిపిస్తుంది.

"మేడం, ఆ బడి బ్యాటరీలు ప్రతి పొద్దునా ఖాళీగా కనిపిస్తున్నాయి. టీవీ అసలు ఆన్ కావడం లేదు. పాడైపోయినట్టున్నాయి, ఒకసారి వెళ్లి చూస్తారా?"

వాన కాస్త తెరిపి ఇచ్చాక నేనూ భాయీ బయల్దేరాం. ఒడ్డున వేరే ఎవరో మోకాళ్లు ముడుచుకుని పుట్టిలో కూచుని ఉన్నాడు. భాయి అటూ ఇటూ చూసి అడిగాడు.

"మొన్న మమ్మల్ని దాటించినాయన యాడికి పోయినాడప్పా?"

అతను తాడు విప్పాడు. పుట్టి ఒడ్డు వదిలాక చెప్పాడు.

"గాలివాన నాడు వలలు తీసీడానికి ఎల్లినాడు బాబూ. మరి రానేదు. పుట్టి బోర్లాపడి దొరికింది. మనిసి దొరకనేదు. పోలీసులొచ్చినారు, ఈతగాళ్లొచ్చినారు. శానా ఎతికినాం."

భాయి కళ్లు మూసుకుని పెదాలతో ఏదో చదువుకున్నాడు. నేను నీళ్ల వైపు చూశాను. ఎర్రగా, మందంగా ఉన్నాయి. బ్యాటరీ మీద చెయ్యి పెట్టి కూచున్న మనిషి గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడు, అంతే. లోపల ఏమీ కదల్లేదు.

బడిలో బ్యాటరీలన్నీ ఒక్కొక్కటీ పరీక్ష చేశాను. ఏ ఒక్కటీ పాడవలేదు. గదిలో పిల్లలు చెమటలు కక్కుతూ ఎక్కాలు చదువుతున్నారు. ఫ్యాను తిరగడం లేదు, టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. సారును బయటికి పిలిచాను.

"సార్, బ్యాటరీలకు ఏమీ కాల్యా. రాత్రిపూట కరెంటు దేనికో పోతాంది."

సారు దాచలేదు. "బయట లైటుకమ్మా. తెల్లార్లూ వేసే పెడతాండా" అన్నాడు.

"తెల్లార్లూ యాల సార్?"

ఆయన ఒడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "ఆ చేపలోడు పోయిన రోజు వాని పెండ్లాం వచ్చి అడిగెనమ్మా. చీకట్లో దారి తప్పి ఉంటాడు, లైటు ఆర్పొద్దు సారూ అని. సరే అంటి. మర్సనాడూ అడిగె. ఆ తర్వాత అడగల్యా, పొద్దు మునగంగానే వచ్చి అరుగు మీద కూచుంటాది. ఆయమ్మ చూస్తాండగా ఎట్ల ఆర్పేది? ఆ బిడ్డేమో పొద్దున్నే వచ్చి నా ముందర పలక పట్టుకోని కూచుంటాది. నాకు చెయ్యి రాదమ్మా."

"పిల్లోళ్లకు ఫ్యాను ల్యా, టీవీ ల్యా గదా సార్."

"తెలుసు. నువ్వే ఆర్పిపో. నువ్వు ఆర్పితే మిషన్ చెడిపోయిందని చెప్తా."

ఆ మాట అని సారు తలవంచుకున్నాడు. ఆమె ఎక్కడుందని అడిగితే గుడిసె వైపు చూపించాడు.

ఆమె గుడిసె ముందు చాప మీద చిన్న చేపలు ఆరబెడుతోంది. మబ్బు పట్టి ఉంది, అవి ఎండేలా లేవు. అయినా ఒక్కొక్కదాన్నీ తిప్పి పెడుతోంది. నుదుట బొట్టు ఉంది. నన్ను చూసి జరిగి, పక్కన చోటిచ్చింది.

"లైటు తీసీడానికి వచ్చినావా?"

"చూసిపోదామని వచ్చినా అక్కా."

కాసేపు చేపలు తిప్పింది. తర్వాత అడిగింది.

"మీ ఆయన పోనాడంట గదా. భాయి సెప్పినాడని మావోడు అన్నాడు."

"ఔ అక్కా."

"ఇంటికి తెచ్చినారా?"

"తెచ్చినారు."

"మొకం సూసినావా?"

"చూసినా."

"అయితే నీకు తెలుసు" అంది. "నాకు తెల్దు. అందరూ బొట్టు తీసీమంతన్నారు. మా అన్నదమ్ములు ఫోను సేసి అదే మాట. ఏటి సూసి తీసీమంతారు సెల్లీ? పుట్టి సూసి తీసీనా?"

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ మాట్లాడే వాళ్ల గొంతులా ఉంది. నేను చాప మీద చూపు పెట్టి కూచున్నాను. అయితే నీకు తెలుసు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నాకేం తెలుసు? చూశాను, నిజమే. తెల్ల దుప్పటి చూశాను, ముక్కులో దూది చూశాను, కొత్త చొక్కా చూశాను. మట్టి వేశాను. అన్నీ చేసి ఇంటికి వచ్చాక కూడా, సాయంత్రం బండి చప్పుడైతే గ్యాసు మీద టీ పెట్టడానికి లేచేదాన్ని. చూసినంత మాత్రాన నాకు తెలియలేదక్కా అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెబితే ఆమెకు ఏం మిగులుతుందో నాకు తెలియదు.

ఏడవమని ఆమె నాకు చెప్పలేదు. నేనూ ఆమెకు చెప్పలేదు. ఇద్దరం చాప మీది చేపలన్నీ తిప్పాం. చినుకులు పడితే అన్నీ బుట్టలోకి ఎత్తి లోపల పెట్టాం.

తిరిగి పుట్టి ఎక్కాక భాయికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"మన అంగడి ముందర ఒక వీధిలైటు ఉండాది గదమ్మా, గిరాకీలకు చూపీడానికి పెట్టింది. దానికి దాని ప్యానెలే, దాని బ్యాటరీనే. పొద్దు మునిగితే వెలుగుతాది, తెల్లారితే ఆరిపోతాది. అది తెచ్చి ఒడ్డున పాతేస్తే బడి కరెంటు బడికే ఉంటాది."

"ఇప్పేద్దాం భాయి" అన్నాను.

ఆ లైటు మా ఆయన తన చేత్తో బిగించింది. మరుసటి రోజు నేను నిచ్చెన ఎక్కాను. బోల్టుల పైన వైరు దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది. ఆయన టేపును ఎప్పుడూ కత్తితో కోసేవాడు కాదు, పళ్లతో కొరికి తెంపేవాడు. ఆ కొస అట్లాగే రంపంలా ఉంది. నిచ్చెన మీద ఆగి దాన్నే చూశాను. ఇప్పుడు వస్తుందేమో అనుకున్నాను, ఏడుపో మరొకటో. కింద భాయి నిచ్చెన పట్టుకుని తల ఎత్తకుండా నిలబడ్డాడు. ఆయన కూడా దానికోసమే ఎదురుచూస్తున్నాడని నాకు అనిపించింది. వీధిలో కూరగాయల బండి పోయింది. ఏమీ రాలేదు. కట్టరుతో టేపు కోసి, బోల్టులు విప్పి, లైటు కిందికి అందించాను.

మా అత్త గడపలో నిలబడి చూస్తోంది. "యాడికే అది?" అంది.

"తిప్ప మీదికి అత్తా."

"వాడు పెట్టింది గదే."

"ఔ అత్తా."

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి పోయింది. ఆమెకు కన్నీళ్లు తేలిగ్గా వస్తాయి. నాకు ఆమె మీద కోపం లేదు, అసూయ కూడా లేదు.

తిప్ప మీద, పుట్లు ఆగే చోట గుంత తవ్వి స్తంభం నిలబెట్టాం. మొరం నేల, గడ్డపార దిగడమే కష్టమైంది. చేపలవాళ్లే ఇసుక, రాళ్లు మోసి సాయం చేశారు. సాయంత్రానికి పని అయింది. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, కొంచెం దూరంగా నిలబడింది. సారు బడిలోకి పోయి పాత లైటు స్విచ్ మీద చెయ్యి వేసి, కిటికీలోంచి ఆమె వైపు చూశాడు. వెలుతురు తగ్గే కొద్దీ ఒడ్డున కొత్త లైటు మెల్లగా వెలిగింది. నీళ్ల మీద చాలా దూరం దాకా తెల్లటి చార పడింది. అప్పుడు సారు బడి లైటు ఆర్పాడు.

"దీన్ని ఎవులు ఆర్పుతారు?" అని అడిగింది ఆమె.

"ఎవురూ ఆర్పరక్కా. తెల్లారితే దానికదే ఆరుతాది. మళ్లీ పొద్దు మునిగితే వెలుగుతాది."

"ఎవుల్నీ అడగక్కర్నేదా?"

"అక్కర్లేదు."

ఆమె తల ఊపింది. సంతోషించిందో లేదో మొహం చూస్తే తెలియలేదు. "పిల్లకి అన్నం వండాల" అని కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె బడి అరుగు మీద కూచోవడం మానేసిందని, స్తంభం దగ్గర కూడా కూచోదని, గుడిసెలోంచే చూస్తుందని సారు తర్వాత ఫోన్లో చెప్పాడు.

ట్రస్టు అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. "బ్యాటరీలు ఇప్పుడు బాగున్నాయి మేడం. ఏం మార్చారు?"

"ఒక లైటు తీసేసి వేరే పెట్టినాం" అన్నాను. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది. బడిలో ఫ్యాన్లు తిరిగాయి, పిల్లలు టీవీలో పాఠాలు చూశారు. ఆ పని అక్కడికి అయిపోయింది.

ఎండాకాలం వచ్చి నీళ్లు వెనక్కి పోయాక తిప్ప చుట్టూ బురద బయటపడింది. ఎండి, పలకలు పలకలుగా పగిలింది. చేపలవాళ్లు ఆ నేలంతా తిరిగి వెతికారు. ఆమె కూడా తిరిగింది. చిరిగిన వలలు, మునిగిన ఊరి ఇళ్ల పునాదులు కనిపించాయి గానీ మనిషి ఆనవాలు దొరకలేదు. తర్వాత సముద్రం వైపు నుంచి ఆమె అన్నదమ్ములు వచ్చి, తల్లినీ బిడ్డనూ తీసుకుపోయారు. బొట్టుతోనే వెళ్లిందని సారు చెప్పాడు. ఆయనకు కూడా ఆ వేసవిలోనే పత్తికొండ దగ్గరికి బదిలీ అయింది. తిప్ప మీది బడికి ఇంకో టీచరమ్మ వచ్చింది. రాత్రిళ్లు వలలకు పోయేవాళ్లు ఆ లైటు గుర్తు పెట్టుకుని ఒడ్డుకు వస్తున్నారని ఆ టీచరమ్మ చెబితే విన్నాను.

మా ఆయన పోయి ఏడాది అయినప్పుడు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మా అమ్మ వేంపల్లె నుంచి వచ్చింది. పాటలు పాడారు, వాక్యం చదివారు. నేను వచ్చినవాళ్లకు అన్నాలు వడ్డించాను. పప్పు అడుగంటిందని గమనించి, పైపైనే గరిట ముంచాను. పాస్టరమ్మ వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టింది. ఈసారి ఏడవమని చెప్పలేదు.

ఆ వారంలోనే, అంగట్లో ఉన్నప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"సెల్లీ, నాను" అంది. గొంతు పోల్చుకున్నాను. తిప్ప మీది అక్క. నంబరు సారు ఇచ్చాడట.

"ఎలాగున్నావు?"

"ఉండానక్కా. నువ్వు?"

"నానూ ఉన్నాను. రొయ్యల కంపెనీల పనికి ఎల్తన్నాను. పిల్లని ఈడ బడిల ఏసినాను. కరెంటు ఉంది గానీ ఫ్యాను తిరగదంట. మా తిప్ప మీద తిరిగేదని అందరికీ సెప్తాది."

"మంచిదక్కా."

ఆమె వెనక ఆడవాళ్లు గట్టిగా మాట్లాడుకోవడం, నీళ్ల బకెట్లు లాగుతున్న చప్పుడు వినిపించాయి. ఆమె ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. చెవికి ఆనించుకుని అట్లాగే కూచున్నాను. ఎంతసేపు కూచునేదాన్నో తెలీదు. ఎవరో రైతు తలగుడ్డ విప్పి దులుపుకుంటూ అంగట్లోకి వచ్చాడు.

"ఏం మా, మూడు హెచ్‌పీ మోటరుకు ఎన్ని పలకలు కావల్ల?"

"గిరాకీ వచ్చినాడక్కా" అన్నాను ఫోన్లో.

"పని సూసుకో" అంది.

ఫోను బల్ల మీద పెట్టి, ఆ రైతుకు కుర్చీ చూపించాను. బోరు ఎంత లోతు, నీళ్లు ఎంత దూరం పారాలి అని అడిగాను. ఆయన కూచుని, ఎండిన బోరుతో మొదలుపెట్టి తన చేను కథంతా చెప్పాడు. నేను విన్నాను.